పాత ఐ5 కంప్యూటర్‌కి కొత్త మానిటర్: ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి

మానిటర్ పని అయిపోయింది. స్విచ్ వేస్తే కంపెనీ లోగో వస్తుంది, రెండు సెకన్లు బొమ్మ కనిపిస్తుంది, ఆ తర్వాత అంతా నలుపు. పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. గదిలో లైట్లార్పి, ఫోన్ టార్చిని స్క్రీన్ దగ్గర ఏటవాలుగా పట్టి చూశాను. డెస్క్‌టాప్ మీది ఫోల్డర్లు నీడల్లా కనిపించాయి. అంటే ప్యానెల్ బాగానే ఉంది, వెనక వెలుగే పోయింది. 18.5 అంగుళాల ఈ మానిటర్ ఇప్పుడున్న కంప్యూటర్ కంటే ముందు కొన్నది. లోపల ఎల్‌ఈడీలు కావు, ట్యూబ్‌లైట్ లాంటి సన్నటి సీసీఎఫ్ఎల్ గొట్టాలు, వాటికి కరెంటు తోసే ఇన్వర్టర్ బోర్డు. ఆ రెండిట్లో ఏదో ఒకటి పోయింది. దాని సంగతి తర్వాత చూద్దాం.

కంప్యూటర్ వివరాలు: ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది కాబట్టి లినక్స్ మింట్ వేసి నడుపుతున్నాను. ఎస్‌ఎస్‌డీ పెట్టాక దీని వేగం గురించి ఇంట్లో ఎవరికీ ఫిర్యాదు లేదు. మానిటర్ కోసమని కంప్యూటర్ మార్చే ప్రసక్తే లేదు.

వాడేది ఎక్కువగా మా ఆవిడే. ప్రచురణ సంస్థలకు తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది. పీడీఎఫ్‌లు వస్తాయి, తప్పులు గుర్తించి జాబితా రాసి పంపాలి. వచ్చే వారం ఇవ్వాల్సినది ఒకటుంది. బడ్జెట్ 15 వేలు, మహా అయితే ఇంకో వెయ్యి.

ఆదివారం

తాత్కాలికంగా కంప్యూటర్‌ని హాల్లో టీవీకి తగిలించాను. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ, అంటే 1366×768 చుక్కలు. ముందు డెస్క్‌టాప్ అడుగున ఉండే టాస్క్‌బార్ సగం తెర బయటికి పోయింది. టీవీ మెనూలో పిక్చర్ సైజుని స్క్రీన్ ఫిట్‌కి మారిస్తే సర్దుకుంది. నలుపు బూడిద రంగులో కనిపించింది. ఇంటెల్ గ్రాఫిక్స్‌ హెచ్‌డీఎంఐలో అవతల ఉన్నది టీవీ అనుకుంటే రంగుల పరిధిని కుదించి పంపుతుంది. లినక్స్‌లో బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జీబీ అనే సెట్టింగుని ఆటోమేటిక్ నుంచి ఫుల్‌కి మార్చాను. ఈసారి నీడల్లో వివరాలు మునిగిపోయాయి, టీవీ నిజంగానే కుదించిన పరిధినే ఆశిస్తోంది. మళ్లీ వెనక్కి మార్చేశాను, ఆ బూడిద నలుపు టీవీ తెరదే అన్నమాట.

ఇవన్నీ ఎలా సర్దుకున్నా అక్షరాల సంగతి మాత్రం మన చేతిలో లేదు. 1366 చుక్కల్ని 32 అంగుళాల టీవీ వెడల్పంతా పరిస్తే అంగుళానికి 49 చుక్కలే పడతాయి. మా ఆవిడ ఒక పేజీ చదివి, "సినిమా చూడ్డానికి బాగుంటుందండీ, ఇందులో ప్రూఫు దిద్దితే నన్ను పనిలోంచి తీసేస్తారు" అంది.

సోమవారం

మానిటర్ ఏది కొనాలి అన్న ప్రశ్నని పక్కనపెట్టి, కంప్యూటర్ వెనక ఏముందో చూడటంతో మొదలుపెట్టాను. క్యాబినెట్ తిప్పి దుమ్ము దులిపి ఫోటో తీసుకున్నాను. నీలం రంగు వీజీఏ, తెల్లటి డీవీఐ, ఒక హెచ్‌డీఎంఐ. డిస్‌ప్లేపోర్ట్ లేదు.

పోర్టు ఉంటే చాలదు. అందులోంచి సెకనుకు ఎన్ని చుక్కలు బయటికి రాగలవన్నదే అసలు లెక్క. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080. సెకనుకు 60 సార్లు, అంటే 60 హెర్ట్జ్‌లో గీస్తే 12.4 కోట్ల చుక్కలు. వరుసకీ వరుసకీ మధ్య వచ్చే ఖాళీ సమయాన్ని కూడా కలిపితే 14.85 కోట్లు, అంటే 148.5 మెగాహెర్ట్జ్. క్యూహెచ్‌డీ, అంటే 2560×1440కి ఇదే లెక్క వేస్తే 24.15 కోట్లు. 4కే, అంటే 3840×2160కి 59.4 కోట్లు.

ఇక నా పోర్టులు. సింగిల్ లింక్ డీవీఐకి హద్దు 16.5 కోట్లు. ఫుల్ హెచ్‌డీ దాటదు, మహా అయితే 1920×1200. వీజీఏ కూడా ఈ ప్రాసెసర్ మీద 1920×1200 దగ్గరే ఆగుతుంది, పైగా అనలాగ్ కాబట్టి అక్షరాల అంచులు కాస్త మెత్తబడతాయి. హెచ్‌డీఎంఐ దగ్గరే తిరకాసు. బోర్డు మాన్యువల్ తెరిస్తే 1920×1200 అని రాసి ఉంది. ఇంటెల్ వాళ్ల ప్రాసెసర్ పట్టికలో మాత్రం హెచ్‌డీఎంఐ 1.4 మీద 4096×2304, 24 హెర్ట్జ్ అని ఉంది. ఎవరి మాట నమ్మాలి?

కాగితం మీద గుణించి చూశాను. 4096×2304ని 24తో గుణిస్తే 22.6 కోట్లు. 2560×1440ని 60తో గుణిస్తే 22.1 కోట్లు. మొదటిది పంపగలిగే చిప్పుకి రెండోది బరువు కాకూడదు. బోర్డు తయారీదారు వైరింగులో పొదుపు చేసి ఉంటే తప్ప క్యూహెచ్‌డీ రావాలి. 4కే మాత్రం కుదరదు. అతి కష్టం మీద 30 హెర్ట్జ్ వస్తుంది, మౌస్ కదిపితే బాణం చూపు వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. 4కే మాట ఇక్కడితో సరి.

మంగళవారం

హనుమకొండలో ఆఫీసు నుంచి వచ్చే దారిలో ఒక షాపుకెళ్లాను. కుర్రాడు చురుగ్గా ఉన్నాడు. 27 అంగుళాల కర్వ్‌డ్ ఫుల్ హెచ్‌డీ ఒకటి చూపించాడు, 9,500. "మీ కంప్యూటర్‌కి హెచ్‌డీఎంఐ ఉంది కదా సార్, ఏదైనా పనిచేస్తుంది" అన్నాడు. పనిచేయడం వరకు నిజమే. క్యూహెచ్‌డీ కావాలంటే గ్రాఫిక్స్ కార్డు తప్పదు సార్ అని కూడా అన్నాడు, అది మాత్రం నా లెక్కకి ఒప్పలేదు. జీటీ 1030 లాంటి చిన్న కార్డు 30 వాట్లే తింటుంది, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) మార్చాల్సిన పని కూడా ఉండదు, కానీ అవసరం లేనిదానికి డబ్బెందుకు పెట్టాలి.

ఇంటికొచ్చి అంగుళానికి చుక్కల లెక్క వేశాను. చాలామంది పట్టించుకోని పట్టిక ఇదే:

పాత 18.5 అంగుళాలు, 1366×768: 85
21.5 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ: 102
23.8 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ: 93
27 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ: 82
27 అంగుళాలు, క్యూహెచ్‌డీ: 109

నాలుగో వరుస మళ్లీ చూడండి. తొమ్మిదిన్నర వేలు పోసి ఆ 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ కొంటే, చచ్చిపోయిన మా పాత మానిటర్ కంటే అక్షరం మొరటుగా కనిపిస్తుంది. ఆటలకీ సినిమాలకీ దూరంగా కూర్చుని చూసేవాళ్లకి పర్లేదు. రెండడుగుల దూరంలో కూర్చుని తెలుగు చదివే మనిషికి వద్దు.

ఇంగ్లిష్ అక్షరం ఒక వరుసలో నిలబడుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్మో కొమ్ముదీర్ఘమో. 12 పాయింట్ల అచ్చుని అసలు సైజులో చూపిస్తే 82 చుక్కల తెర మీద ఒక అక్షరానికి నిలువునా దక్కేది 14 చుక్కలు కూడా కాదు. ఒత్తూ గుడీ అందులోనే ఇరుక్కోవాలి. 109 మీద అయితే 18 చుక్కలు. ఆ నాలుగు చుక్కల్లోనే థ పొట్టలోని బిందువు బతుకుతుంది. "అర్థం" అని ఉందా "అర్ధం" అని ఉందా అన్నది ప్రూఫు దిద్దేవాళ్లకి రోజూ ఉండే తలనొప్పి. జూమ్ చేసి చూడొచ్చు, నిజమే. ప్రతి అనుమానానికీ జూమ్ చేస్తూ పోతే పేజీకి పట్టే సమయం రెట్టింపవుతుంది.

ఇంకో కొలత కూడా రాసుకున్నాను. ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు. 23.8 అంగుళాల తెర ఎత్తు 296. అంటే పేజీ అసలు సైజులో పెడితే తెరంతా పేజీయే, మెనూకి కూడా చోటుండదు. 27 అంగుళాల తెర ఎత్తు 336, వెడల్పు 597. రెండు పేజీలు పక్కపక్కన పెడితే 420 పోను ఇంకా 177 మిల్లీమీటర్లు మిగులుతుంది, తప్పుల జాబితా రాసుకోవడానికి. పెద్ద తెర మీద నాకు మోజు ఉందని మా ఆవిడ అనుమానం. ఈ లెక్క చూపించాక ఆ మాట అనలేదు.

బుధవారం రాత్రి

నా గుణకారం నిజమో కాదో తేల్చుకోవాలి. మా పై అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి దగ్గర 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఉంది, ఇంటి నుంచే పని చేస్తాడు. అతని షిఫ్టు అయిపోయాక క్యాబినెట్ ఎత్తుకుని మెట్లెక్కాను. "ఫోన్ చేస్తే నేనే వచ్చి తెచ్చేవాణ్ణి కదా అంకుల్" అన్నాడు.

మొదట మన కేబుల్‌తోనే పెట్టాం. సెట్‌టాప్ బాక్సుతో పాటు వచ్చిన హెచ్‌డీఎంఐ కేబుల్ అది. బొమ్మ వచ్చింది, డిస్‌ప్లే సెట్టింగుల్లో 2560×1440, 60 హెర్ట్జ్ కనిపించింది. లెక్క నిజమే అని సంతోషించేలోపు తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చింది. కాసేపటికి మళ్లీ అదే. ఫుల్ హెచ్‌డీకి దింపితే ఏ గొడవా లేదు. మళ్లీ క్యూహెచ్‌డీ పెడితే మళ్లీ మినుకు.

అబ్బాయి తన కేబుల్ ఇచ్చాడు, దాని ఒంటి మీద హై స్పీడ్ అని అచ్చు ఉంది. అది పెట్టాక అరగంట చూశాం, ఒక్కసారి కూడా నల్లబడలేదు. కేబుళ్లలో స్టాండర్డ్ రకాన్ని పరీక్షించేది 7.4 కోట్ల చుక్కల వేగం వరకే, హై స్పీడ్ రకాన్ని 34 కోట్ల దాకా పరీక్షిస్తారు. పాత కేబుల్ ఫుల్ హెచ్‌డీ దాకా లాక్కొచ్చిందంటే అది దాని గొప్పతనమే. మానిటర్ పోయిందనీ, కార్డు పోయిందనీ మెకానిక్కుల చుట్టూ తిరిగే ముందు కేబుల్ మార్చి చూడటం మేలు.

75 హెర్ట్జ్ కూడా అడిగి చూశాం, జాబితాలో లేదు. ఈ తరం ఇంటెల్ హెచ్‌డీఎంఐ 30 కోట్ల దగ్గర ఆగిపోతుంది, క్యూహెచ్‌డీ 75 దానికి కాస్త పైన పడుతుంది. ప్రూఫు దిద్దడానికి 60 చాలు. ఇప్పుడొచ్చే మానిటర్ల పెట్టెల మీద 100, 144, 180 అని పెద్ద అంకెలుంటాయి. అవి 60లోనూ మామూలుగా నడుస్తాయి, కాబట్టి అంకె పెద్దదని భయమక్కర్లేదు. అలాగని మా కంప్యూటర్‌కి దానివల్ల ఒరిగేదీ లేదు.

శుక్రవారం, సికింద్రాబాద్

వేరే పని మీద వెళ్లాల్సి వచ్చింది. పని త్వరగా అయిపోయింది, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. సీటీసీ అంటేనే అందరికీ తెలుస్తుంది. అంతస్తులకి అంతస్తులు కంప్యూటర్ షాపులే. ధర ఒక్కో కౌంటర్ దగ్గర ఒక్కోలా చెబుతారు, నలుగురిని అడక్కుండా కొనకూడదు.

పెన్‌డ్రైవ్‌లో ఒక తెలుగు పీడీఎఫ్ పట్టుకెళ్లాను. మధ్యాహ్నం పెద్దగా జనం లేరు, అందుకే ఒక షాపాయన విసుక్కోకుండా డిస్‌ప్లేకి పెట్టిన మానిటర్లలో వేసి చూపించాడు. ప్యానెళ్లలో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు చూశాను. వీఏ ప్యానెల్ నలుపు నిజంగా బాగుంది. కాంట్రాస్ట్, అంటే నలుపు కంటే తెలుపు ఎన్ని రెట్లు వెలుగన్నది, 3000 దాకా ఉంటుంది, ఐపీఎస్‌లో మామూలుగా 1000. కానీ పేజీని కిందికి జరుపుతుంటే నల్లటి అక్షరాల వెనక తోకలు కనిపించాయి, పక్కకి జరిగితే తెలుపు వెలవెలబోయింది. ఐపీఎస్‌లో ఈ రెండూ లేవు. రోజంతా తెల్ల పేజీ చూసేవాళ్లకి లోతైన నలుపుతో పనేముంది? ఐపీఎస్ ఖాయం.

పోర్టుల విషయంలో ఒకటి జాగ్రత్తగా చూశాను. పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అనో 2.0 అనో రాసి ఉంటుంది. ఇప్పటి నిబంధనల ప్రకారం 2.0 స్థాయి పోర్టుని కూడా 2.1 అని రాసుకోవచ్చు. కాబట్టి ఆ నంబరు చూసి నిర్ణయించుకోవడం దండగ. మాన్యువల్‌లో పోర్టువారీగా ఏ రిజల్యూషన్‌కి ఎన్ని హెర్ట్జ్ అన్న పట్టిక ఉంటుంది, దాన్ని ఫోన్లో తెరిచి చదవాలి. నేను ఎంచుకున్న మోడల్‌కి హెచ్‌డీఎంఐలో క్యూహెచ్‌డీ 60 స్పష్టంగా ఉంది, డిస్‌ప్లేపోర్ట్ కూడా ఉంది. మా ఐ5కి డిస్‌ప్లేపోర్ట్ లేకపోయినా దాని తర్వాత వచ్చేదానికి ఉంటుంది కదా.

చెప్పకపోతే కొందరు తిరగేసి కొంటారు: కంప్యూటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఉండి మానిటర్‌లో హెచ్‌డీఎంఐ ఉంటే మామూలు చవక అడాప్టర్ చాలు, ఎక్కువ కంప్యూటర్ల డిస్‌ప్లేపోర్ట్ హెచ్‌డీఎంఐ సంకేతాన్ని కూడా ఇవ్వగలదు. కంప్యూటర్‌లో హెచ్‌డీఎంఐ ఉండి మానిటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటే ఆ అడాప్టర్ పనిచేయదు. కరెంటు తీసుకుని సంకేతాన్ని మార్చే యాక్టివ్ కన్వర్టర్ కావాలి.

ఎత్తు సర్దుకునే స్టాండ్, వెనక గోడకి బిగించుకునే 100×100 వెసా (VESA) రంధ్రాలు. చివరికి 15,800కి తెగింది, బిల్లుతో. హై స్పీడ్ కేబుల్ పెట్టెలోనే ఉంది. షాపులోనే ఆన్ చేయించి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు నిండు తెరలు ఒక్కొక్కటే వేయించుకుని చూశాను. చచ్చిన చుక్క ఒక్కటీ లేదు. ఒకటీ అరా ఉంటే చాలా కంపెనీలు మార్చి ఇవ్వవు, కాబట్టి డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి. నలుపులో కింది మూలన కాస్త వెలుగు కనిపించింది, ఐపీఎస్‌కి అది మామూలే. కాజీపేట దాకా రైల్లో పెట్టెని పక్కన నిలబెట్టుకుని వచ్చాను. ఎక్కే ప్రతివాడూ "టీవీయా?" అని అడిగాడు.

శనివారం

తగిలించగానే 2560×1440, 60 హెర్ట్జ్. ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. క్యూహెచ్‌డీ టీవీల రిజల్యూషన్ల జాబితాలో లేదు కాబట్టి టీవీ దగ్గర పడ్డ రంగుల పరిధి గొడవ కూడా ఇక్కడ రాలేదు.

శబ్దం మాత్రం పోయింది. పాటలు పెడితే నిశ్శబ్దం. హెచ్‌డీఎంఐ ధ్వనిని కూడా మోసుకెళ్తుంది, మింట్ దాన్ని చూసి శబ్దాన్ని మానిటర్‌కి మళ్లించింది. ఈ మానిటర్‌కి స్పీకర్లు లేవు, హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉంది. సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ని పాత స్పీకర్లకి మార్చాను.

వెలుగు ఫ్యాక్టరీ నుంచి కళ్లు చెదిరేంత వచ్చింది. టేబుల్ మీద తెల్ల కాగితం పెట్టి, తెర మీది తెలుపు దానికి దగ్గరయ్యేదాకా తగ్గించాను. పగలు 30, రాత్రి 15 దగ్గర ఆగింది. టేబుల్‌ని గోడ నుంచి కాస్త ముందుకు లాగి మానిటర్‌ని వెనక్కి జరిపితే తప్ప మూలలు చూడటానికి మెడ తిప్పాల్సి వస్తోంది.

అసలు పరీక్ష మా ఆవిడది. "మెనూలు చిన్నగా ఉన్నాయండీ" అంది మొదట. మింట్‌లో ఫాంట్ల స్కేలింగ్ 1.1కి పెంచాను. తర్వాత పీడీఎఫ్. 100 శాతం జూమ్‌లో పెట్టి తెర మీద ఏ4 కాగితం ఆనించాను, తెర మీది పేజీ చిన్నదిగా ఉంది. మా పీడీఎఫ్ రీడర్ ప్రతి తెరనీ అంగుళానికి 96 చుక్కలుగా లెక్కేసుకుంటోంది, దీనికేమో 109. భాగిస్తే 1.13. జూమ్‌ని 113 చేశాక కాగితం అంచులూ పేజీ అంచులూ కలిశాయి. రెండు పేజీలు పక్కపక్కన పెట్టి, కుడివైపు తప్పుల జాబితా తెరిచి, నన్ను గదిలోంచి పంపేసింది. రాత్రి భోజనాల దగ్గర చెప్పింది, నెల కిందట ముగించి ఇచ్చిన పుస్తకం ఒకటి మళ్లీ తెరిచి చూస్తే రెండు థ-ధలు దొరికాయట. ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తోంది.

ఇంకా మిగిలింది

పాత మానిటర్‌ని పారేయబుద్ధి కావడం లేదు. హెచ్81 బోర్డు ఒకేసారి రెండు తెరల్ని నడపగలదు. కొత్తది హెచ్‌డీఎంఐలో, పాతది వీజీఏలో. నిఘంటువు తెరిచి పెట్టుకోవడానికి అది చాలు. సీసీఎఫ్ఎల్ గొట్టాల స్థానంలో పెట్టే ఎల్‌ఈడీ పట్టీల కిట్లు దొరుకుతున్నాయి. పట్టీతో పాటు చిన్న డ్రైవర్ బోర్డు వస్తుంది. తెర వెడల్పు 410 మిల్లీమీటర్లు, పట్టీ అంతకంటే పొడవుండకూడదు. పొడవు ఎక్కువైతే మూడేసి ఎల్‌ఈడీల దగ్గర గీత ఉంటుంది, అక్కడ కత్తిరించుకోవచ్చు. ఇన్వర్టర్ బోర్డు మీద వందల వోల్టులు పుడతాయి, అందుకని ప్లగ్ తీసేసి ఒక రాత్రంతా అలాగే వదిలేశాకే వెనక మూత విప్పుతాను. కిట్ ఆర్డర్ పెట్టాను, వచ్చాక మిగతాది రాస్తాను.